అన్నయ్య సైకిలు మీద ఎంతదూరం?

మీ ఇంట్లో సైకిలు ఉందా? ఉంటే అది ఎవరిది?

ఈమధ్య కనబడిన ఆడవాళ్ళనల్లా ఈ ప్రశ్న అడుగుతున్నాను. "మావాడు కాలేజీకి వెళ్ళేటప్పుడు కొన్నాం. ఇప్పుడు బండి కొనుక్కున్నాడు, అది మెట్లకింద పడుంది" అన్నారొకావిడ. "మావారిదండీ, పొట్ట తగ్గించుకుంటానని కొని నాలుగు రోజులు తొక్కారు" అన్నారు ఇంకొకరు. "ఇది నాది, నాకోసం కొన్నది" అన్నవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంతమంది. వాళ్ళలోనూ సగం మంది బడికి వెళ్ళే పిల్లలే!

ఇంట్లో మిగిలింది మన వాటాకి రావడం మనకేమీ కొత్తకాదు. గిన్నె అడుగున మిగిలిన కూరతో సర్దుకోవడం చిన్నప్పుడే నేర్చుకుంటాం. అన్నయ్య పుస్తకాలు, అన్నయ్య గొడుగు, ఆఖరికి అన్నయ్య సైకిలు. కూరతో సర్దుకోవచ్చేమో గానీ సైకిలుతో సర్దుకోకూడదని నాకు నలభై ఆరేళ్ళకి తెలిసింది. అదీ తిన్నగా తెలియలేదు, ఆటో ఎక్కించి మరీ తెలిసొచ్చింది.

రెండేళ్ళ కిందటి మాట. మెదక్‌లో మా వీధి ఆడవాళ్ళం నలుగురం, చలికాలంలో ఒక ఆదివారం సైకిళ్ళ మీద ఏడుపాయల వెళ్ళొద్దామనుకున్నాం. మంజీర ఏడు పాయలుగా చీలే చోట వనదుర్గమ్మ గుడి. మా ఊరినుంచి సుమారు ఇరవై కిలోమీటర్లు. శివరాత్రి జాతరకి పిల్లల్ని చంకనేసుకుని నడిచి వెళ్ళే ఆడవాళ్ళు ఎంతమందో! సైకిలు మీద అదెంత పని, అనుకున్నాం. నేను మా అబ్బాయి పాత గేర్ల సైకిలు తీశాను. సీటు ఎత్తుగా ఉందని భయమేసి పూర్తిగా కిందికి దించేశాను. రెండు పాదాలూ నేలకి ఆనితే ధైర్యం కదా!

పది కిలోమీటర్లు కూడా కాకుండానే మోకాళ్ళ ముందువైపు సూదులు గుచ్చినట్టయింది. చిటికెనవేలు, ఉంగరంవేలు తిమ్మిరెక్కి బ్రేకు పట్టు దొరకలేదు. ఇక సీటు సంగతి చెప్పుకోవడానికే సిగ్గు. సిగ్గుపడి ఎవరమూ చెప్పుకోం కాబట్టే ఇవాళ ఇక్కడ రాస్తున్నాను. కూర్చుంటే మంట, లేచి తొక్కితే ఆయాసం. చివరికి ఆటో ఆపి, సైకిలు వెనక తాడుతో కట్టించుకుని ఇంటికొచ్చాను. "ఈ వయసులో నీకెందుకే ఈ సైకిళ్ళు?" అన్నారు మా అత్తయ్య. మావారు ఏమీ అనలేదు, నవ్వారంతే. నేనూ నిజమేననుకున్నాను. రెండు కాన్పులయ్యాయి, నడుం గట్టితనం తగ్గింది, ఇక మనవల్ల కాదులే అని తీర్పు చెప్పేసుకున్నాను.

ఆ తీర్పు కొట్టేసింది మా బజారులో పంక్చర్లు వేసే తాత. గాలి కొట్టించడానికి తీసుకెళితే సైకిలునీ, నన్నూ ఎగాదిగా చూసి, "అమ్మా, గిది ఎవలి సైకిలు?" అన్నాడు.

"మా అబ్బాయిది తాతా."

"మరి కొడుకు చేతులెంత, నీ చేతులెంత? సీటు జూస్తేనేమో చిన్నపోరగాండ్ల సైకిలు లెక్క దించినవ్. గిట్ల తొక్కితె మోకాళ్ళు నొయ్యవా?"

పాన తీసి సీటు నాలుగంగుళాలు పైకి గుంజాడు. పైకి లేచివున్న సీటు ముక్కుని సమంగా వంచాడు. "ఇప్పుడు తొక్కి రా బిడ్డా" అన్నాడు. చర్చి దాకా వెళ్ళి వచ్చాను. నమ్మండి, మోకాలు ఊసెత్తలేదు! తప్పు నా వయసుదీ కాదు, నా కాన్పులదీ కాదు. నాలుగంగుళాల ఇనప గొట్టానిది.

ఆ రోజునుంచి ఈ విషయం మీద కాస్త చదివాను, నలుగురిని అడిగాను, మా వీధిలో పదిమంది సైకిళ్ళు దగ్గరుండి సరిచేయించాను. అందులో పనికొచ్చేవి మీతో పంచుకుంటాను.

అన్నిటికన్నా ముందు సీటు ఎత్తు. చెప్పులు విడిచి గోడకి ఆనుకుని నిలబడండి. ఒక లావుపాటి పుస్తకాన్ని కాళ్ళ మధ్య సీటులాగా పైకి గట్టిగా ఆనించి, నేలనుంచి దాని పైఅంచు దాకా టేపుతో కొలవండి. వచ్చిన సెంటీమీటర్లని 0.883తో హెచ్చవేయండి. పెడళ్ళు తిరిగే ఇరుసు మధ్యనుంచి సీటు పైభాగం దాకా ఉండాల్సిన ఎత్తు అదీ. డెబ్భై సెంటీమీటర్లు వచ్చిందనుకోండి, సీటు ఎత్తు సుమారు అరవై రెండు. ఈ లెక్కలెందుకనుకుంటే ఇంకో సులువుంది. గోడ పట్టుకుని సీటు మీద కూర్చుని, మడమని పెడల్ మీద పెట్టి, పెడల్‌ని అట్టడుక్కి తిప్పండి. కాలు నిటారుగా చాపుకోవాలి, నడుం పక్కకి ఒరగకూడదు. తొక్కేటప్పుడు మడమతో కాదు, పాదం ముందుభాగంతో తొక్కుతాం కాబట్టి మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. కావలసిందీ అదే. మోకాలు ముందు నొప్పి పుడితే సాధారణంగా సీటు కిందికున్నట్టు, వెనక లాగుతుంటే మరీ పైకున్నట్టు. సీటు గొట్టం మీద ఇంతకుమించి పైకి లాగకూడదని ఒక గీత ఉంటుంది. అది బయటికి కనబడకూడదు, గొట్టం విరిగే ప్రమాదం ఉంది.

"అంత ఎత్తులో కాళ్ళు నేలకి ఆనవు కదా?" అంటారు. ఆనవు, ఆనకూడదు కూడా! మనల్ని దెబ్బతీసేది ఈ భయమే. సైకిలు ఆపేటప్పుడు సీటు మీద కూర్చుని కాలు చాపడం కాదు, సీటు మీదనుంచి ముందుకి జారి, ఒక కాలు పెడల్ మీద ఉంచి, రెండోకాలు నేలమీద పెట్టాలి. ఎక్కేటప్పుడూ అంతే. పెడల్ మీద నిలబడి ఆ ఊపుతో సీటు మీదికి లేవాలి. ఖాళీ మైదానంలో రెండు సాయంత్రాలు సాధన చేస్తే వచ్చేస్తుంది. ధైర్యం చాలకపోతే రోజుకి అర అంగుళం చొప్పున సీటు పెంచుకుంటూ వెళ్ళండి. నేను అలాగే చేశాను.

తర్వాత సీటు వెడల్పు. మనం కూర్చున్నప్పుడు బరువంతా పడేది కటిభాగం అడుగునున్న రెండు ఎముకల మీద. ఆడవాళ్ళలో ఆ రెండు ఎముకల మధ్య దూరం సాధారణంగా మగవాళ్ళకన్నా ఎక్కువ. సన్నని సీటయితే ఎముకలు బయటికి జారి, బరువు మధ్యనున్న మెత్తని భాగం మీద పడుతుంది. మంట, వాపు, ఒరుపులు, మూత్రానికి వెళ్ళినప్పుడు చురుకు, చాలావరకు ఇందువల్లే. మీ కొలత తెలుసుకోవాలంటే గట్టి స్టూలు మీద అట్టపెట్టె ముక్కని పరిచి, కాస్త ముందుకి వంగి రెండు నిమిషాలు కూర్చోండి. అట్ట మీద రెండు సొట్టలు పడతాయి. వాటి మధ్యదూరానికి రెండు సెంటీమీటర్లు కలిపితే మీకు కావలసిన సీటు వెడల్పు దాదాపుగా వస్తుంది. నిటారుగా కూర్చుని తొక్కేవాళ్ళకి ఇంకాస్త ఎక్కువ కావాలి. ఇంట్లోవాళ్ళు చూసి నవ్వితే నవ్వనివ్వండి, కూర్చోవలసింది మనం.

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. నొప్పెడుతోందంటే దుకాణంలో దిండులాంటి జెల్ కవరు అంటగడతారు. అరగంట ప్రయాణానికి అది హాయిగానే ఉంటుంది. మూడు గంటలైతే ఎముకలు అందులో కూరుకుపోయి, మధ్యలో ఉబ్బిన మెత్తదనమే మనల్ని ఒత్తుతుంది. దూరం వెళ్ళడానికి కాస్త గట్టిగా, తగినంత వెడల్పుగా, మధ్యలో పల్లం ఉన్న సీటే మేలు. మా నాన్నగారి సైకిలుకి తోలు సీటుండేది. ఏళ్ళ తరబడి తొక్కి తొక్కి అది ఆయనకి అచ్చుపోసినట్టు కుదిరింది. మేమెవరం కూర్చున్నా గుచ్చుకునేది. "సైకిలుకి కూడా నాన్నంటేనే ఇష్టం" అనేది అమ్మ! సీటు ముక్కు పైకి లేవకుండా నేలకి సమాంతరంగా ఉండాలి. నొప్పి తగ్గుతుందని మరీ కిందికి వంచితే ముందుకి జారుతూ, బరువంతా అరచేతుల మీద మోస్తాం.

చేతుల సంగతీ అదే. హ్యాండిల్ సీటంత ఎత్తులోగానీ ఇంకాస్త పైనగానీ ఉండాలి. మోచేతులు కొద్దిగా వంగి, వేళ్ళు హ్యాండిల్‌ని ఊరికే తాకుతున్నట్టుండాలి. మావాడి సైకిలు మీద నేను చేతులు బారచాపి వేలాడుతున్నాను, అందుకే అరచేతి కింద నరం నొక్కుకుపోయి ఆ రెండు వేళ్ళకీ తిమ్మిరెక్కింది. హ్యాండిల్‌ని పట్టుకుని ఉండే ముక్కులాంటి భాగాన్ని స్టెమ్ అంటారు. పొడుగుది తీసి పొట్టిది వేయించాను. సైకిలంతా మార్చాల్సిన పనిలేదు. ఇంకో చిన్న రహస్యం. బ్రేకు పిడులు చేతికి అందనంత దూరంగా ఉంటే, చాలా రకాలకి పిడి మొదట్లో ఒక చిన్న స్క్రూ ఉంటుంది. దాన్ని తిప్పితే పిడి వేళ్ళకి దగ్గరగా వస్తుంది. ఇరవై ఏళ్ళుగా సైకిలు తొక్కుతున్న మా ఆడబిడ్డకి కూడా ఈ సంగతి తెలియదు. దుకాణంలో ఎవరూ చెప్పరు మరి!

దుకాణాల మాట వచ్చింది కాబట్టి నా కోపం కూడా రాసేస్తాను. ఆడవాళ్ళం సైకిలు కావాలని వెళితే గులాబీరంగుది, ముందు బుట్టది చూపిస్తారు. "దూరం వెళ్ళాలి, గేర్లు కావాలి" అంటే లావుపాటి టైర్లు, ముందూ వెనకా షాకప్‌లు ఉన్న కుర్రాళ్ళ సైకిలు ముందు పెడతారు. తారు రోడ్డు మీద ఆ షాకప్‌లు మన తొక్కుడు బలాన్నే మింగేస్తాయి, బరువు అదనం. మనకి కావలసింది ఈ రెండూ కాదు. ఒకటిన్నర నుంచి రెండంగుళాల వెడల్పు, గరుకు తక్కువ ఉన్న టైర్లు. ఎత్తు ఎక్కడానికి ముందు చిన్నపళ్ళ చక్రం, వెనక పెద్దపళ్ళ చక్రం. వెనక క్యారియర్ బిగించడానికి మరలు, మడ్‌గార్డులు, చైన్ కవరు. అడ్డకడ్డీ ఉన్నదైతే దానిమీదుగా నిలబడినప్పుడు కడ్డీకీ ఒంటికీ మధ్య రెండు మూడు సెంటీమీటర్ల ఖాళీ. ఇంతే! తొక్కి చూడనివ్వని దుకాణంలో కొనకండి. చీర కొనేటప్పుడు భుజం మీద వేసుకుని చూడకుండా కొంటామా?

అలాగని లేడీస్ సైకిలే కొనాలనీ లేదు. తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంలో భాగంగా పల్లెటూరి ఆడవాళ్ళకి సైకిలు నేర్పారు. అప్పటి కలెక్టరు షీలారాణి చుంకత్ దానికి గట్టి అండ. వేలమంది నేర్చుకున్నారు. లేడీస్ సైకిళ్ళు చాలక మగవాళ్ళ సైకిళ్ళే తొక్కారు. కొందరైతే అవే నయమన్నారట, ముందు కడ్డీ మీద పిల్లని కూర్చోబెట్టుకోవచ్చని. ఎవరి అవసరం వాళ్ళది. ఐర్లండు రచయిత్రి డెర్వ్‌లా మర్ఫీ 1963లో తన దేశంనుంచి ఢిల్లీ దాకా సైకిలు మీద వచ్చింది. ఆమెదీ మగవాళ్ళ సైకిలే. ఆ దారుల్లో పాడైతే బాగుచేసే దిక్కుండదని గేర్లు కూడా పీకించేసింది. టైర్లు మాత్రం దారిలోని ఊళ్ళకి ముందే పంపించుకుంది. తనకేది కావాలో తనే తేల్చుకుంది, నాకు నచ్చింది అదీ.

మన దారుల్లో అసలు శత్రువు పల్లేరుకాయ. ఆ తర్వాత తుమ్మముల్లు. రోడ్డు అంచున మట్టిలోకి దిగితే పంక్చరు ఖాయం. ఒక ట్యూబు, చిన్న పంపు, టైరు ఊడదీసే ప్లాస్టిక్ పిడులు రెండు, అతుకులు, సొల్యూషన్, పాన, ఇంతే సరంజామా. పంక్చరు వేయడం పూరీలు చేసినంత కష్టం కూడా కాదు, తాత దగ్గర ఒక్క మధ్యాహ్నంలో నేర్చుకున్నాం. కొత్త ట్యూబు వేసేముందు టైరు లోపల వేళ్ళతో తడిమి ముల్లు తీసెయ్యడం మర్చిపోవద్దు. నేను మర్చిపోయాను. పది నిమిషాల్లో మళ్ళీ కూర్చున్నాను.

సామాను వీపున మోయకండి. చెమట, నడుంనొప్పి, పైగా ఆ బరువంతా సీటు మీదే పడుతుంది. పాలవాళ్ళ సైకిళ్ళు చూడండి, క్యాన్లు రెండు పక్కలా సమంగా, కిందికి వేలాడుతుంటాయి. అదే సూత్రం. టైలరు చేత రెక్సిను సంచులు రెండు కుట్టించి క్యారియర్‌కి అటూ ఇటూ కట్టించాను. బరువైనవి అడుగున పెట్టాలి. సంచి తాళ్ళు చక్రంలోకి వేలాడకుండా చూసుకోవాలి. అంతకన్నా ముఖ్యం చున్నీ! చక్రం పుల్లల్లో చున్నీ చుట్టుకుంటే ప్రాణం మీదికే వస్తుంది. వీపు వెనక ముడేసుకోండి, లేదా తీసి సంచిలో పెట్టండి. పైజామా అంచుకి క్లిప్పు గానీ రబ్బరుబ్యాండు గానీ పెట్టండి. కింద మెత్త ఉన్న సైక్లింగ్ నిక్కరు దొరుకుతుంది, పైన సల్వార్ వేసుకోవచ్చు. దానికింద లోదుస్తులు వేసుకోకూడదు, కుట్లు ఒరుసుకుంటాయి. వాడిన ప్రతిసారీ ఉతికి ఎండలో ఆరేయాలి. ఒరుసుకునే చోట ముందే పెట్రోలియం జెల్లీ రాసుకుంటే సగం బాధ తప్పుతుంది. హెల్మెట్, వెనక ఎర్రదీపం, కుడివైపు అద్దం, వీటి గురించి వేరే చెప్పనక్కర్లేదు.

నీళ్ళ గురించి మాత్రం చెప్పాలి. దారిలో బాత్రూము దొరకదని నీళ్ళు తాగడం మానేస్తాం మనం. బస్సు ప్రయాణాల్లో అదే చేస్తాం, సైకిలు మీదా అదే చేస్తాం. అలా మానేస్తే తలనొప్పి, కాళ్ళ పట్లు, మూత్రంలో మంట. గంటకి కనీసం అరలీటరు తాగాలి. లీటరు నీళ్ళలో ఆరు చెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు, చెంచాలు తలకొట్టి కొలిచి, నిమ్మకాయ పిండితే ఖర్చులేని శక్తి. బయల్దేరేముందు దారిలో బడి, పెట్రోలు బంకు, తెలిసినవాళ్ళ ఇల్లు ఎక్కడెక్కడున్నాయో రాసుకోండి. నాలుగూళ్ళు తిరిగే మగవాడికి ఈ చీటీ అక్కర్లేదు. మనకి కావాలి, ఏం చేస్తాం! 2023లో హైదరాబాద్ ఔటర్ రింగురోడ్డు పక్కన సోలార్ పలకల నీడలో ఇరవై మూడు కిలోమీటర్ల సైకిలు దారి వేశారు, సంతోషం. చిన్న ఊళ్ళ దారుల్లో ఆడవాళ్ళు తలుపేసుకోగలిగే గది ఒకటి కట్టించినా మాకు అంత సంతోషమూ కలుగుతుంది. ఇంకొక కోరిక. ప్రభుత్వాలు బడిపిల్లలకి సైకిళ్ళు పంచే రోజున పాన పట్టుకుని ఒక మనిషి అక్కడ నిలబడి ప్రతి పిల్లకీ సీటు సరిచేసి పంపాలి. అందుకు పెద్ద బడ్జెట్టు కూడా అక్కర్లేదు.

పోయిన డిసెంబరులో మేం మళ్ళీ బయల్దేరాం. ఈసారి పోచారం. ఎల్లారెడ్డి దారిలో మా ఊరికి సుమారు పదిహేను కిలోమీటర్లు. 1916-1922 మధ్య కట్టిన చెరువు, చుట్టూ అభయారణ్యం. తెల్లారుతుండగా ఐదుగురం కదిలాం. ఇరవై నిమిషాలకోసారి దిగి చేతులు విదిలించుకున్నాం. ఆకలేసేదాకా ఆగకుండా పల్లీపట్టీలు, అరటిపళ్ళు తిన్నాం. ఒక ఊళ్ళో కుక్కలు వెంటపడితే దిగి, సైకిలుని అడ్డం పెట్టుకుని నడిచాం, అవే ఊరుకున్నాయి. కట్ట మీద కూర్చుని పులిహోర తింటుంటే మాలో పెద్దావిడ, యాభై మూడేళ్ళు, చేతివేళ్ళు ముడుస్తూ తెరుస్తూ చూసుకుని "ఏమే, తిమ్మిర్లు లేవు!" అన్నారు. తిరుగుదారిలో ఎదురుగాలి వల్ల ఆలస్యమైంది గానీ ఆటో అవసరం పడలేదు.

ఏడుపాయల బాకీ ఇంకా ఉంది. ఈ చలికాలంలో తీర్చాలి. ఈలోగా ఓ పని పడింది. తొమ్మిదో తరగతి చదువుతున్న మా ఆడబిడ్డ కూతురు, మోకాళ్ళు నొప్పులంటూ సైకిలు మానేసి ఆటోలో బడికి వెళతానంటోంది. అది తొక్కేది వాళ్ళ అన్నయ్య సైకిలే. రేపు ఆదివారం టేపు, లావుపాటి పుస్తకం తీసుకుని వాళ్ళింటికి వెళుతున్నాను.